మీకు తెలుసా? పెళ్ళి డిస్కు కడుపులో 12 కిలోమీటర్ల దారి!

మా చల్లపల్లి చుట్టుపక్కల ఏ ఇంట్లో బీరువా తెరిచినా పట్టుచీరల మడతల కిందో, పాత ఆల్బమ్‌ల పక్కనో కొన్ని డిస్కులు కనిపిస్తాయి. పెళ్ళి సీడీలు, ఓణీల ఫంక్షన్ డీవీడీలు, తాతయ్య షష్టిపూర్తి వీడియోలు! వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేసి దాచుకునే పనిలో నాకు దొరికిన వింతలన్నీ ఇక్కడ పోగేశాను. ఎక్కడ మొదలుపెట్టినా సరే, చదివేయండి!

● డీవీడీలో బొమ్మలు రాసి ఉన్న గీతను సాగదీస్తే దాదాపు 12 కిలోమీటర్లు! చల్లపల్లి సెంటర్లో ఒక కొస పట్టుకుని లాగితే రెండో కొస మోపిదేవి దాటి అవనిగడ్డ దారి పడుతుంది. అంత దారీ 12 సెంటీమీటర్ల పళ్ళెంలో సుడి చుట్టుకుని కూర్చుంది.

● సీడీలో ఆ గీత 5 కిలోమీటర్ల పైచిలుకు. మూడు గంటల సినిమా రీళ్ళన్నీ విప్పి పరిచినా సుమారు 16,000 అడుగులు, అంటే అదీ దాదాపు 5 కిలోమీటర్లే!

● రీళ్ళంటే గుర్తొచ్చింది! 1939లో జమీందారీ దౌర్జన్యాన్ని ఎత్తిచూపిన 'రైతుబిడ్డ' సినిమాకు పెట్టుబడి పెట్టింది ఎవరో తెలుసా? స్వయానా ఒక జమీందారు! గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో సారథి ఫిలిమ్స్ తీసిన ఆ సినిమా వెనక ఉన్నది మా చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్.

● మీ తలలోంచి ఒక వెంట్రుక తీసి డీవీడీ మీద పెట్టండి. దాని కింద దాదాపు 100 వరుసలు దాక్కుంటాయి! వరుసకూ వరుసకూ మధ్య దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు, 0.74 మైక్రాన్లే మరి.

● గ్రామఫోన్ రికార్డు అంచు నుంచి మధ్యకు పాడుతుంది. మరి డిస్కు? మధ్య నుంచి అంచుకు! అందుకే చిన్న వీడియో ఎక్కించిన డిస్కును తిరగేస్తే లోపలి భాగం ఒక రంగులో, ఖాళీగా ఉన్న బయటి భాగం కొంచెం వేరే ఛాయలో కనిపిస్తుంది.

● పాట వింటుండగా సీడీ మొదట్లో నిమిషానికి 500 చుట్లు తిరుగుతుంది, చివరికొచ్చేసరికి 200 చుట్లే! బయటి చుట్టు పెద్దది కాబట్టి నెమ్మదిగా తిరిగినా అంతే దూరం చదవొచ్చు.

● కంప్యూటర్‌లో 52 రెట్ల వేగంతో తిరిగే సీడీ అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటి పరుగెడుతుంది! నిమిషానికి సుమారు 10,000 చుట్లు మరి. బీటలు వారిన డిస్కును ఆ వేగంలో తిప్పితే లోపలే ముక్కలయ్యే ప్రమాదం ఉంది.

● మీ పెళ్ళి డిస్కును ఒకసారి తిరగేయండి. కింద ఏ రంగుంది? షాపులో కొన్న సినిమా డిస్కు వెండిలా మెరుస్తుంది, ఇంటి వీడియో డిస్కు ఊదాగానో నీలంగానో ఆకుపచ్చగానో ఉంటుంది. ఆ రంగు అద్దకపు పొరదే, లేజర్ ఆ పొరను కాల్చి మచ్చలు పెట్టడమే 'బర్నింగ్'!

● మచ్చలు పెట్టినది వెలుగే, వాటిని చెరిపేదీ వెలుగే! అద్దకం పొర ఎండకూ వేడికీ వెలిసిపోతుంది. కిటికీ పక్కన పెట్టిన డిస్కు ఒక్క గీత పడకుండానే మూగదైపోగలదు.

● సీడీకి ఏ వైపు గీత ఎక్కువ ప్రమాదం? మెరిసే వైపు అనుకున్నారు కదూ! కాదు, పేరు రాసే వైపే. బొమ్మలు దాచిన పొర ఆ పైపూతకు సరిగ్గా కింద ఉంటుంది, కింది వైపున మాత్రం మిల్లీమీటరుకు మించిన ప్లాస్టిక్ కాపు కాస్తుంది.

● డీవీడీ ఒకటి కాదు, రెండు! ఒక్కొక్కటి 0.6 మిల్లీమీటర్ల మందమున్న రెండు పళ్ళేలను అతికించి 1.2 మిల్లీమీటర్లు చేస్తారు. అంటే మీ పెళ్ళి బొమ్మ శాండ్‌విచ్‌లో కూరలా మధ్యలో ఉందన్నమాట.

● డిస్కును గుండ్రంగా తుడుస్తున్నారా? ఆగండి! మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి. గుండ్రంగా పడిన గీత ఒకే వరుసలోని సమాచారాన్నంతా మింగేస్తుంది, అడ్డంగా పడిన గీత ఒక్కో వరుసలో చిటికెడే తింటుంది.

● డీవీడీలో బియ్యపు గింజంత పొడవు, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల సమాచారం వరసగా చెరిగిపోయినా బొమ్మ చెక్కుచెదరదు! అసలు బొమ్మతోపాటు సరిదిద్దే లెక్కలు కూడా రాసి ఉంచుతారు. ఆ లెక్కలతో పోయిన ముక్కను ప్లేయరే మళ్ళీ కట్టుకుంటుంది.

● ఆ సరిదిద్దే లెక్క 1960 నాటిది, పేరు రీడ్-సాలమన్ కోడ్. 1986లో వాయేజర్ నౌక యురేనస్ గ్రహం ఫొటోలను మనకు పంపినప్పుడూ ఇదే లెక్క కాపాడింది. మన పెళ్ళి డిస్కుకూ యురేనస్‌కూ చుట్టరికం కలిసింది చూడండి!

● ఆ వాయేజర్‌లో తెలుగు పలకరింపు ఉంది! 1977లో వెళ్ళిన రెండు నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు పెట్టారు. అందులో 55 భాషల పలకరింపుల్లో మనదీ ఒకటి. అంతరిక్షానికి కూడా రెండు కాపీలు పంపారు, గమనించారా?

● వేదం వల్లించే మన ఘనాపాఠీలకు తప్పును పట్టే ఈ కిటుకు ఎప్పుడో తెలుసు! ఘనపాఠంలో మూడు పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి మొత్తం 13 పదాలుగా పలుకుతారు. ఎక్కడైనా ఒక మాట తప్పితే మిగతా వల్లెలే దాన్ని పట్టిస్తాయి.

● 700 ఎంబీ సీడీలో దాదాపు 800 ఎంబీ సినిమా పడుతుంది! వీసీడీ తయారుచేసేటప్పుడు సరిదిద్దే లెక్కల్లో కొంత భాగం మానేసి ఆ చోటునూ బొమ్మకే ఇస్తారు. పాత వీసీడీలు చిన్న గీతకే గళ్ళు గళ్ళుగా పడటానికి అదీ ఒక కారణం.

● మూడు గంటల పెళ్ళి వీడియోలో ఎన్ని ఫొటోలున్నాయో చెప్పగలరా? 2,70,000! మన పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు కదులుతాయి మరి. పెళ్ళి ఆల్బమ్‌లో ఉండేవి మహా అయితే కొన్ని వందలే.

● కుదించకుండా రాస్తే డీవీడీలో 4 నిమిషాల వీడియో కూడా పట్టదు. జీలకర్ర బెల్లం పెట్టేలోపే డిస్కు నిండిపోతుంది! ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారిన ముక్కలను మాత్రమే చాలావరకు రాస్తారు, కదలని మండపాన్ని మళ్ళీ మళ్ళీ రాయరు. అందుకే రెండు గంటలు పట్టేది.

● మీ పాత డీవీడీ కొత్త 4కే టీవీలో మసకగా ఉందా? టీవీలోని చుక్కలు 82,94,400, డీవీడీ బొమ్మలోవి 4,14,720. సరిగ్గా 20 రెట్లు తేడా! ఒక్క చుక్కను 20 చోట్ల పరిచి చూపించాలి పాపం ఆ టీవీ.

● డీవీడీ మీద 4.7 జీబీ అని రాసి ఉంటుంది, కంప్యూటర్ 4.37 అని చూపిస్తుంది. మిగతాది ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు! డబ్బా మీద వెయ్యి లెక్క, కంప్యూటర్‌లో 1,024 లెక్క.

● 32 జీబీ పెన్‌డ్రైవ్ పూర్తిగా ఖాళీ. అయినా ఒకే ఫైలుగా చేసిన 4.3 జీబీ డిస్కు కాపీ ఎక్కనంటుంది! ఫ్యాట్32 అనే పాత అమరికలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చి ఫార్మాట్ చేస్తే దిగిపోతుంది, కానీ ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి, జాగ్రత్త.

● డీవీడీ తెరిస్తే ఒకే పెళ్ళి నాలుగైదు ఫైళ్ళుగా కనిపిస్తుంది! 'వీడియో టీఎస్' ఫోల్డర్‌లోని ఒక్కో వీఓబీ ఫైలు 1 జీబీ మించకూడదని నియమం. అందుకే ఒక ముక్క మాంగల్యధారణ మధ్యలో ఆగిపోతుంది. కంగారు పడకండి, ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుంటే అన్నీ వస్తాయి.

● వీసీడీల్లో పెళ్ళికూతురు ఎవరైనా ఫైలు పేరు మాత్రం ఒకటే: ఏవీఎస్‌ఈక్యూ01.డాట్! దాంతో రెండో వీసీడీ కాపీ చేస్తే మొదటిదాని మీద పడి తుడిచేసే ప్రమాదముంది. ముందే పేరు, తేదీ మార్చి పెట్టుకోండి.

● విజయవాడలో చక్కగా ఆడిన డిస్కు అమెరికాలో ఉన్న అబ్బాయి ఇంట్లో ఆడకపోవచ్చు! మనకు సెకనుకు 25 బొమ్మల పాల్ పద్ధతి, వాళ్ళకు దాదాపు 30 బొమ్మల ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. కంప్యూటర్‌కు మాత్రం రెండూ ఒకటే, కాపీ చేసి పంపితే చాలు.

● సినిమా డీవీడీలకు దేశాల హద్దులున్నాయి! మన దేశానిది 5వ మండలం, అమెరికాది 1వ మండలం. ఇంట్లో రాసిన డిస్కుకు ఆ హద్దులూ లేవు, తాళమూ ఉండదు. మన వీడియో మన చేతిలోనే!

● డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళి వీడియో ఎవరిది? తీసినవాళ్ళదా, తీయించుకున్నవాళ్ళదా? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే తీయించుకున్నవాళ్ళదే!

● క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు కాపీ చేస్తే ప్రతిసారీ బొమ్మ వెలిసిపోతుంది. డిస్కు కాపీ వందోసారి చేసినా మొదటిదానికి అచ్చు కవలే! కంప్యూటర్ రంగులను చూసి గీయదు, అంకెలను ఎత్తి రాసుకుంటుంది.

● మూడు గంటల వీహెచ్ఎస్ క్యాసెట్‌లో టేపు పొడవు సుమారు 250 మీటర్లు. డీవీడీలోని 12 కిలోమీటర్ల ముందు ఎంత! కానీ టేపు వెడల్పు అరంగుళం, డీవీడీ వరుస అందులో 17,000వ వంతు.

● పెళ్ళిలో వాడిన మినీ డీవీ క్యాసెట్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. అయితేనేం, గంట వీడియోకు 13 జీబీ పట్టేస్తుంది! అంటే దాదాపు మూడు డీవీడీల సరుకు. ఆ చిన్న క్యాసెట్ మీ దగ్గరుంటే పారేయకండి, డిస్కు కన్నా మంచి బొమ్మ దాని దగ్గరుంది.

● ఒక్క డీవీడీని పాత ఫ్లాపీల్లోకి ఎక్కించాలంటే దాదాపు 3,200 ఫ్లాపీలు కావాలి! ఒకదాని మీద ఒకటి పేరిస్తే పది మీటర్లు దాటుతుంది. మూడంతస్తుల మేడ ఎక్కి దింపుకోవాలి!

● చొక్కా జేబులో పట్టే 1 టీబీ డ్రైవులో 212 డీవీడీలు సర్దొచ్చు. వట్టి డిస్కులే పేరిస్తే జానెడు దాటిన దొంతర అవుతుంది. ఊళ్ళో ఒక వీధి పెళ్ళిళ్ళన్నీ జేబులో వేసుకుని తిరగొచ్చు!

● మీ డిస్కు పాడైంది, మేనత్త దగ్గరున్న అదే డిస్కూ పాడైంది. రెండూ పారేయాలా? అక్కర్లేదు! డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనిలో బాగున్న ముక్కలూ దానిలో బాగున్న ముక్కలూ కలిపి ఒక్క మంచి కాపీ చేయగలదు. రెండు డిస్కులూ ఒకే మూలం నుంచి అచ్చం ఒకేలా రాసినవైతే చాలు.

● ఇదే పని రెండు శతాబ్దాల క్రితం ఒక దొర చేశాడు! సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి చాలా తాళపత్ర ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, సరైన పాఠంతో కొత్త ప్రతులు రాయించాడు. కంప్యూటర్ బదులు కడపలో పండితుల బృందం, అంతే తేడా.

● దాదాపు ఏ డిస్కునైనా ఆడించే వీఎల్‌సీ ప్లేయర్ గుర్తు రోడ్డు మీద పెట్టే నారింజ రంగు ట్రాఫిక్ కోన్! దాన్ని మొదలుపెట్టిన పారిస్ విద్యార్థులు ఆ కోన్‌లను సరదాగా పోగేసేవారట.

● డీవీడీని చిన్న ఎంపీ4 ఫైలుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్. పేరుకు బండి బ్రేకు, గుర్తు మాత్రం అనాసపండు! అయితే అది చేసేది కుదింపు, కాబట్టి అసలు కాపీని కూడా విడిగా ఉంచుకోవాలి.

● మూడు గంటల వీడియోకు 32 అక్షరాల వేలిముద్ర ఉంటుంది! ఎండీ5 అనే లెక్క వేస్తే వచ్చే ఆ ముద్ర, కాపీలో ఒక్క అంకె మారినా మొత్తం మారిపోతుంది. అసలుదీ కాపీదీ రెండు ముద్రలూ కలిస్తే ఇక నిశ్చింత.

● సీడీలను తినే బూజు ఉంది! 2001లో మధ్య అమెరికాలోని బెలీజ్‌లో పాడైన సీడీ లోపల ఒక శిలీంధ్రం అల్యూమినియం పొరను, ప్లాస్టిక్‌ను తింటూ దొరికింది. మన కృష్ణా డెల్టా ఉక్కపోతలో డిస్కులను పొడి చోట నిలబెట్టి దాచడం మేలు.

● చేలల్లో పిట్టలను బెదరగొట్టడానికి సీడీలు కడతారు, చూశారా? ఆ హరివిల్లు తళుకు రంగుది కాదు, మిల్లీమీటరుకు 625 వరుసల మీద వెలుగు విరిగి చేసే ఆట. దారం కట్టే ముందు అందులో ఏముందో ఒక్కసారి చూడండి మరి!

● చంద్రుడి మీద మనిషి తొలి అడుగు అసలు టేపులు పోయాయి! అపోలో 11 సంకేతాలను నేరుగా పట్టిన టేపులను తుడిచి మళ్ళీ వాడేశారని 2009లో నాసా చెప్పింది. టీవీల్లో వచ్చిన బొమ్మ కాపీలు మిగిలాయి కాబట్టి ఇవాళ చూడగలుగుతున్నాం.

● 'టాయ్ స్టోరీ 2' సినిమాను ఒక పసిబిడ్డ కాపాడింది! 1998లో పొరపాటు ఆదేశంతో సినిమాలో చాలా భాగం చెరిగిపోయింది, స్టూడియో బ్యాకప్ కూడా పనిచేయలేదు. బిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేసిన గాలిన్ సుస్మన్ దగ్గర ఉన్న కాపీయే దిక్కయింది.

● మన తెలుగువాళ్ళ గొప్ప బ్యాకప్ ఏదో చెప్పుకోండి! తిరుమలలో అన్నమయ్య కీర్తనల రాగిరేకులు. రెండు వేలకు పైగా రేకులు శతాబ్దాలపాటు సంకీర్తన భాండాగారంలో ఉండి, 20వ శతాబ్దంలో అచ్చుకెక్కి మన నోళ్ళలోకి వచ్చాయి.

● చల్లపల్లికి దగ్గరలోని ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాలను సుమారు 1,700 ఏళ్ళ తరువాత కూడా చదవగలిగారు. రాతికి ప్లేయర్ అక్కర్లేదు! డిస్కుకు మాత్రం డిస్కు బాగుంటే చాలదు, దాన్ని చదివే యంత్రం కూడా బతికి ఉండాలి.

● ఆ యంత్రాలు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటున్నాయి! 2016లో వీసీఆర్‌ల తయారీ ఆగింది. 2025లో సోనీ ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు, యూఎస్‌బీ తీగతో తగిలించే డ్రైవు కొనుక్కోవాలి.

● రైతు ఎంత కరువొచ్చినా విత్తనపు వడ్లను తిండిగింజల్లో కలపడు. బ్యాకప్ అంటే అచ్చం అదే! రోజూ చూసుకునే కాపీ వేరు, ముట్టుకోకుండా దాచే కాపీ వేరు.

● 3, 2, 1. ఇది రాకెట్ లెక్క కాదు, కాపీల లెక్క! మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్ళో. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది, ఇళ్ళతోపాటు ఫొటోలనూ కాగితాలనూ తీసుకుపోయింది. ఆ మూడో కాపీ వేరే ఊళ్ళో ఎందుకు ఉండాలో మా ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

● బ్యాకప్‌కూ ఒక పండగ ఉంది! 2011 నుంచి ఏటా మార్చి 31న ప్రపంచ బ్యాకప్ దినం జరుపుతున్నారు. ఆ తెల్లారి ఏప్రిల్ ఫూల్స్ డే, కాపీ చేయనివాళ్ళు ఫూల్స్ కాకూడదని!

● చివరిగా ఒక లెక్క. ముహూర్తం కోసం రాత్రంతా మేలుకున్న పెళ్ళి, డిస్కులో రెండు మూడు గంటలు. ఆ డిస్కు బాగుంటే కంప్యూటర్‌లోకి కాపీ కావడానికి పట్టేది సుమారు పదిహేను నిమిషాలు! అందులో అక్షింతలు వేస్తున్న నాయనమ్మ నవ్వు, బంతిలో వడ్డిస్తూ "ఇంకొంచెం వేసుకోరా" అంటున్న బాబాయి గొంతు మరెక్కడా దొరకవు. మీ బీరువాలో ఉన్న డిస్కుల్లో ఇవాళ మొదట ఏది పెడతారు?